అర్జెంట్ సార్, కోడు రన్ కావట్లేదు



కంప్యూటర్ కోడు గురించి రేడియోలో ఏం చెబుతారు, చూపించడానికి తెర కూడా లేదు కదా అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. నిజానికి ఒకప్పుడు రేడియో కోడు గురించి మాట్లాడటంతో ఆగలేదు, కోడునే ప్రసారం చేసింది. 1980ల మొదట్లో నెదర్లాండ్స్ ప్రసార సంస్థ ఎన్ఓఎస్ తన ‘హాబీస్కూప్’ కార్యక్రమంలో కంప్యూటర్ ప్రోగ్రాములను శబ్దంగా మార్చి వినిపించేది. మామూలు శ్రోతకు అది చెవులు గింగురుమనిపించే కీచురొద. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు ఆ రొదను క్యాసెట్ మీద రికార్డు చేసుకుని, ఆ క్యాసెట్‌ను కంప్యూటర్‌కు వినిపిస్తే ప్రోగ్రాము లోపలికి దిగేది.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఆ రోజుల్లో ఇళ్లలో వాడే కంప్యూటర్లు చాలావరకు బేసిక్ అనే భాషే మాట్లాడేవి గానీ, ఒక్కో కంపెనీది ఒక్కో యాస. ఒకదాని మీద రాసిన ప్రోగ్రాము ఇంకోదాని మీద నడిచేది కాదు. అందుకని వాళ్లొక కట్టుబాటు చేసుకున్నారు. దాని పేరు బేసికోడ్. అన్ని యంత్రాలకూ తెలిసిన మాటలు మాత్రమే వాడాలి. తెర తుడవడం లాంటివి ఒక్కో యంత్రంలో ఒక్కో తీరుగా ఉంటాయి కాబట్టి, అలాంటి పనుల కోసం 1000 లోపు లైన్ నంబర్లు వదిలిపెట్టాలి. మీ ప్రోగ్రాము 1000వ లైను నుంచే మొదలవ్వాలి. 30000 నుంచి పైనున్న లైన్లలో ఈ ప్రోగ్రాము ఏం చేస్తుంది, ఎవరు రాశారు అన్నది రాయాలి. తర్వాత బ్రిటన్‌లో బీబీసీ రేడియో కూడా ఇదే పద్ధతిలో ప్రోగ్రాములు ప్రసారం చేసింది.

నేను రాసింది నా ఎదురుగా లేని మనిషి దగ్గర, నేను చూడని యంత్రం మీద నడవాలి. అది ఎవరు రాశారో ఆ మనిషికి తెలియాలి. దానివల్ల అతనికి ముప్పు రాకూడదు. కోడు పంచుకోవడంలో మర్యాద అంటే ఇదేనని నా అభిప్రాయం. దండాలు, ‘సార్’లు ఇందులోకి రావు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, మన గ్రూపుల్లో దండాలకు కొదవ లేదు. అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపు చూడండి, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు పెట్టుకున్న టెలిగ్రామ్ గ్రూపు చూడండి. రాత్రి పదకొండింటికి ఒక మెసేజ్ వస్తుంది: ‘‘సార్ ప్లీజ్, అర్జెంట్, కోడు రన్ కావట్లేదు, ఎవరైనా హెల్ప్ చేయండి అన్నా.’’ పక్కన నాలుగు దండాల బొమ్మలు. ఏ భాషలో రాశారు, ఏం చేయబోతే ఏమైంది, ఒక్క ముక్క ఉండదు. జాలిపడి ఎవరో ‘‘కోడు పెట్టు తమ్ముడూ’’ అంటారు. కాసేపటికి ఒక ఫోటో వస్తుంది. ల్యాప్‌టాప్ తెరకు ఫోనుతో ఏటవాలుగా తీసిన ఫోటో. మధ్యలో ట్యూబ్‌లైటు మెరుపు. అసలు చూడాల్సిన ఎర్రర్ మెసేజ్ సగానికి తెగిపోయి ఉంటుంది.

ఈ రంగంతో పరిచయం లేని శ్రోతల కోసం ఒక్క మాట. కంప్యూటర్ చేయాల్సిన పనిని మనిషి చదవగలిగే భాషలో వరసగా రాసుకున్న దాన్నే సోర్స్ కోడు అంటారు. అందులో ఒక కామా తప్పినా, ఒక బ్రాకెట్ మూయకపోయినా మొత్తం ఆగిపోవచ్చు. తప్పు పట్టుకోవాలంటే ఆ కోడును తన కంప్యూటర్‌లో పెట్టి నడిపి చూడాలి. ఫోటోను నడపలేం. చొక్కా బిగుతైందని చెప్పి, చొక్కా ఇవ్వకుండా దాని ఫోటో టైలరుకు పంపినట్టుంటుంది ఇది. సాయం చేసేవాడు ఆ ఫోటో చూసి నలభై లైన్లూ తన చేత్తో మళ్లీ టైపు చేసుకోవాలి. ఉద్యోగం చేసుకుని ఇంటికొచ్చిన మనిషి, జీతం లేకుండా, రాత్రిపూట!

సరే, ఫోటో వద్దు, అక్షరాలే పంపుదాం అనుకున్నా వాట్సాప్‌లో ఇంకో తంటా ఉంది. చుక్క గుర్తు, అంటే నక్షత్రంలా ఉండేది, కోడులో గుణకారానికి వాడతాం. ఒక మాటకు అటూ ఇటూ ఆ నక్షత్రాలు పడితే వాట్సాప్ వాటిని మింగేసి మధ్యలో మాటను బొద్దుగా చేస్తుంది. అండర్‌స్కోర్ గీతలు పడితే వాటిని మింగి అక్షరాలను ఏటవాలుగా వంచుతుంది. పైథాన్ భాషలో ఆ గీతలు తరచూ కనిపిస్తాయి. ఇంకొన్ని చోట్ల నిటారు కొటేషన్ గుర్తులు వంకర కొటేషన్లుగా మారిపోతాయి. కంటికి అందంగా ఉంటాయి, కంప్యూటర్‌కు అర్థం కావు. పైథాన్‌లోనైతే లైనుకు ముందు వదిలిన ఖాళీకి కూడా అర్థం ఉంది. ఆ ఖాళీ పోతే ప్రోగ్రామే పోయింది. దీనికి విరుగుడు చిన్నదే. కోడుకు ముందు మూడు, వెనక మూడు బ్యాక్‌టిక్ గుర్తులు పెడితే వాట్సాప్, టెలిగ్రామ్ దాన్ని ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు చూపిస్తాయి. కీబోర్డులో ఎడమ పక్క పైన, ఒకటి అంకెకు ముందుండే మీట అది. కోడు పొడుగైతే గ్రూపులో కుమ్మరించకుండా, కోడు దాచుకుని పంచుకునే గిట్‌హబ్ లాంటి సైటులో పెట్టి లింకు ఇవ్వడం మేలు.

అక్షరాల పట్టింపులో అందరినీ మించినవాళ్లు లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయను, అంటే కెర్నెల్‌ను రాసేవాళ్లు. 1991 ఆగస్టు 25న హెల్సింకీలో చదువుకుంటున్న లీనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి, మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లకు తానూ ఒకటి రాస్తున్నానని సరదాగా తెలియజేశాడు. ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటి అడుగునా ఉన్నది అదే. దానికి మార్పులు పంపేవాళ్లు ఈనాటికీ ఎక్కువగా ఈమెయిల్‌లోనే పంపుతారు. కోడు ఉత్తరంలోనే ఉండాలి, అటాచ్‌మెంట్‌గా తగిలించకూడదు. ఎందుకంటే చదివేవాడు మీ కోడులో ఫలానా లైను కిందే తన అభ్యంతరం రాసి తిరిగి పంపాలి. ట్యాబ్‌ను ఖాళీలుగా మార్చేసే మెయిల్ ప్రోగ్రాములు పనికిరావు. బ్రౌజర్‌లో వాడే జీమెయిల్ ఈ పని చేస్తుందని, దాన్ని వాడొద్దని వాళ్ల నిబంధనల్లోనే పేరు పెట్టి మరీ రాసుకున్నారు. ఒక ఉత్తరంలో ఒకే మార్పు. ఏం మార్చారో కోడు చూస్తే తెలుస్తుంది కాబట్టి, ఎందుకు మార్చారో రాయాలి. చాదస్తం అనిపిస్తుంది. వేలమంది రాసే కోడు ముప్పై ఏళ్లకు పైగా ఒక దారిలో నడుస్తోందంటే ఆ చాదస్తానికి అందులో పెద్ద వాటా ఉంది.

మార్పును మాత్రమే పంపే ఆ అలవాటు ఇంకా పాతది. 1985లో లారీ వాల్ ‘ప్యాచ్’ అనే చిన్న ప్రోగ్రాము రాసి అందరికీ ఇచ్చాడు. తర్వాత పెర్ల్ భాష తయారుచేసింది ఈయనే. పాత కోడుకూ కొత్త కోడుకూ మధ్య తేడా మాత్రమే పంపితే చాలు, అందుకున్నవాడి దగ్గర ప్యాచ్ ఆ తేడాను అతికిస్తుంది. నెమ్మదిగా నడిచే టెలిఫోన్ లైన్ల కాలంలో అది డబ్బు ఆదా. ఇప్పుడు లైన్లు చవక, మనిషి సమయం ఖరీదు. లెక్క మాత్రం మారలేదు.

ఇక అడిగే తీరు. ప్రాజెక్టు మొత్తం జిప్ చేసి ‘‘ఎక్కడో తప్పుంది, చూడండి’’ అనేవాళ్లున్నారు. రెండు వేల లైన్లు ఎవరు చూస్తారు? తప్పు మళ్లీ కనిపించడానికి ఎంత కోడు కావాలో అంతే పంపాలి. ఎలా అంటారా? ఫైలుకు ఒక నకలు తీసుకోండి. సగం తీసేసి నడపండి. తప్పు ఇంకా వస్తోందా? ఆ సగం దోషి కాదు. మిగిలినదాంట్లో మళ్లీ సగం తీసేయండి. ఇలా పోగా పోగా పదిహేను, ఇరవై లైన్లు మిగులుతాయి. చాలాసార్లు ఈ కోతలోనే తప్పు బయటపడి, అడగాల్సిన అవసరమే తీరిపోతుంది. తీరకపోతే ఆ ఇరవై లైన్లు పెట్టి, వచ్చిన ఎర్రర్‌ను సొంత మాటల్లో చెప్పకుండా అక్షరం పొల్లుపోకుండా అతికించి, ఏ వెర్షన్ వాడుతున్నారో రాయండి. జవాబు రాకపోతే అప్పుడు గ్రూపును తిట్టుకోవచ్చు.

అసలు అవసరం దాచిపెట్టి అడగడం ఇంకో జబ్బు. ఒకరు ‘‘తేదీలోంచి చివరి నాలుగు అక్షరాలు కత్తిరించడం ఎలా’’ అని అడుగుతారు. ముగ్గురు మూడు పద్ధతులు చెప్తారు. గంట గడిచాక తేలేదేమిటంటే, ఆయనకు కావలసింది మనిషి వయసు లెక్కపెట్టడం. సంవత్సరం కత్తిరిస్తే వయసు రాదు, పుట్టినరోజు వెళ్లిందా లేదా కూడా చూడాలి. ముందే వయసు కావాలని అంటే సరిపోయేది.

కంటికి కనిపించని అక్షరాల సంగతి ఒకటుంది. అది ముఖ్యంగా తెలుగువాళ్లు వినాల్సింది. ‘సాఫ్ట్‌వేర్’ అని టైపు చేసేటప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో ఒక అదృశ్య అక్షరం పెడతాం. అక్షరాలను విడదీయడమే దాని పని. దానికి రూపం లేదు, వెడల్పు లేదు. 2018 ఫిబ్రవరిలో ఆ అక్షరమే ప్రపంచమంతా గగ్గోలు పుట్టించింది. ‘జ్ఞానం’ అనే మాటలో మొదటి అక్షరం జ్ఞా ఉంది కదా, అందులో దీర్ఘానికి ముందు ఈ అదృశ్య అక్షరం చేరిన కూర్పు ఐఫోన్‌కు ఎవరైనా పంపితే, దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. మళ్లీ తెరిస్తే మళ్లీ కూలేది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ అలాంటి కూర్పులు కొన్ని ఉన్నాయని తర్వాత తేలింది. తప్పు మన లిపిది కాదు, దాన్ని చూపించే ఆపిల్ ప్రోగ్రాముది. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 అనే వెర్షన్ విడుదల చేసి సరిదిద్దింది.

ఆ మధ్యలో జరిగిందే మనకు కావలసిన విషయం. ఆకతాయిలు ఆ అక్షరాన్ని ట్విట్టర్‌లో పెట్టి, గ్రూపుల్లోకి వదిలి తమాషా చూశారు. అందులో విడ్డూరం లేదు, లోకంలో ఆకతాయిలు ఉంటారు. కానీ ‘‘ఈ అక్షరం పంపకండి, ఫోను పోతుంది’’ అని హెచ్చరిస్తూ, ఆ హెచ్చరికలోనే ఆ అక్షరాన్ని అతికిస్తే? మంచి ఉద్దేశంతోనే చదివేవాడి ఫోను మూలపడుతుంది. హాని చేసే నమూనాను నేరుగా పెట్టకూడదు, అందులో ఏ అక్షరాలు ఏ వరసలో ఉన్నాయో మాటల్లో రాయాలి. ఇప్పుడు నేను చేసింది అదే, ఆ విధంగా చూస్తే రేడియో చాలా క్షేమమైన సాధనం.

ఏదైనా ప్రోగ్రాములో దొంగలు దూరగలిగే కంత మీ కంటపడితే కూడా ఇదే దారి. గ్రూపులో చాటింపు వేయడం కాకుండా ముందు దాన్ని రాసినవాళ్లకు విడిగా చెప్పి, సరిదిద్దుకోవడానికి గడువివ్వాలి. గూగుల్‌లో ఈ పని చేసే ప్రాజెక్ట్ జీరో బృందం మామూలుగా ఇచ్చే గడువు 90 రోజులు.

మన గుట్టు మనమే బయట పెట్టుకోవడం మరీ ఎక్కువ. ప్రోగ్రాములో డేటాబేస్ పాస్‌వర్డ్, క్లౌడ్ ఖాతా తాళం రాసేసి, ఆ ఫైలు అలాగే పెట్టేస్తారు. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో గిట్‌హబ్‌లో లక్షకు పైగా ప్రాజెక్టుల్లో ఇలాంటి తాళాలు బట్టబయలుగా కనిపించాయి. వీటిని వెతికే పనిలోనే ఉండే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. తర్వాత చూసుకుని ఆ లైను తుడిచేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. గిట్‌హబ్ వెనక ఉండే గిట్ అనే సాధనం పాత రూపాలన్నీ దాచి ఉంచుతుంది, దాచడమే దాని ఉద్యోగం. తాళం బయటపడిందా, ఆ తాళాన్నే రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. ఇంకో మార్గం లేదు. అలాగే కంపెనీ కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న పట్టికను నమూనా అని పంపకండి. కల్పిత పేర్లతో ఐదు వరసలు రాయడానికి రెండు నిమిషాలు చాలు.

కోడు ఎవరిది అన్న ప్రశ్న దగ్గరికి వస్తున్నాను. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం, తర్వాత చేసిన సవరణలతో, కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య కృతుల కింద లెక్కిస్తుంది. అంటే చట్టం దృష్టిలో జావా భాషలో రాసిన ప్రోగ్రాము కథ, నవల పక్కన కూర్చుంటుంది. (చదవడానికి కొన్ని కొంచెం నయం కూడా.) కాబట్టి ఇంటర్నెట్‌లో ఎదురుగా కనిపించినంత మాత్రాన అది ఊరుమ్మడి సొత్తు కాదు. లైసెన్సు ఏమీ రాయకుండా పెట్టిన కోడును చదవొచ్చు గానీ, తీసుకుని మన ఉత్పత్తిలో కలుపుకునే హక్కు దానంతటదే రాదు. ఉద్యోగంలో భాగంగా రాసిన కోడు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. హైటెక్ సిటీలో పనిచేసే అమ్మాయి ‘‘నేనే రాశాను కదా’’ అని ఆఫీసు కోడు గ్రూపులో పెడితే ఆ మాట చెల్లదు. ఏఐ చాట్‌బాట్ పెట్టెలో అతికించడమూ పంచుకోవడమే. 2023లో సామ్‌సంగ్ ఉద్యోగులు కంపెనీ కోడును చాట్‌జీపీటీలో పెట్టడంతో ఆ సంస్థ అలాంటి సాధనాల వాడకాన్నే నిషేధించింది.

పేరు చెప్పడం గురించి గొప్ప ఉదాహరణ ఒకటుంది. స్టాక్ ఓవర్‌ఫ్లో అనే సైటు 2008లో మొదలైంది, ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగి జవాబులు చెప్పుకునే చోటు. అక్కడి కోడును ఎవరైనా వాడుకోవచ్చు, కానీ ఎక్కడినుంచి తీసుకున్నారో చెప్పాలన్నది లైసెన్సు షరతు. 2010లో ఒక ప్రోగ్రామర్ అక్కడ చిన్న జావా జవాబు రాశాడు. ఫైలు పరిమాణాన్ని బైట్లలో ఇస్తే, మనిషికి అర్థమయ్యేలా ఇన్ని కిలోబైట్లు, ఇన్ని మెగాబైట్లు అని చెప్పే కొద్ది లైన్ల కోడు. 2018లో పరిశోధకులు లెక్క తీస్తే, స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచి గిట్‌హబ్ ప్రాజెక్టుల్లోకి అన్నిటికంటే ఎక్కువగా చేరిన జావా ముక్క అదేనని తేలింది. వేల ప్రాజెక్టుల్లో ఉంది. చాలాచోట్ల రాసినవాడి ఊసు లేదు. 2019లో ఆయనే తన కోడులో తప్పుందని రాశాడు. 9,99,999 బైట్లు ఇస్తే 1.0 మెగాబైటు అనాల్సింది 1000.0 కిలోబైట్లు అంటుంది. ఆయన జవాబు దిద్దాడు. కానీ పేరు, లింకు తీసేసి ఎత్తుకుపోయినవాళ్లకు ఆ దిద్దుబాటు చేరే దారేది? మూలం రాసుకోవడం రాసినవాడికి గౌరవం కోసం అనుకుంటాం గానీ, దాని లాభం ముందు తీసుకున్నవాడికే. కోడు పైన ‘ఇది ఫలానా చోటినుంచి తీసుకున్నాను’ అని లింకుతో ఒక్క లైను చాలు.

లైనక్స్ వాళ్లు ఈ పాఠం కోర్టు మెట్ల మీద నేర్చుకున్నారు. 2003లో ఎస్‌సీఓ అనే కంపెనీ తమ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోడు లైనక్స్‌లో కలిసిందంటూ ఐబీఎం మీద దావా వేసింది. ప్రతి లైనూ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పగలగాలన్న అవసరం వచ్చిపడింది. మరుసటి ఏడాది నుంచి, ఇది నేను రాసిందే లేదా ఇవ్వడానికి నాకు హక్కున్నదే అని పంపేవాళ్లు ప్రతి మార్పు కింద పేరు రాసి పూచీ పడటం నియమమైంది.

ఆ పూచీని ఆటగా తీసుకుంటే ఏమవుతుందో 2021లో మిన్నెసోటా యూనివర్సిటీ వ్యవహారంలో తెలిసింది. లోపాలు పట్టుకుంటారో లేదో చూద్దామని అక్కడి పరిశోధకులు అంతకుముందు లైనక్స్‌కు కావాలని తప్పులున్న మార్పులు పంపారు. సంగతి బయటపడి గొడవ ముదిరాక కెర్నెల్ నిర్వాహకులు ఆ యూనివర్సిటీ నుంచి వచ్చే మార్పులన్నిటికీ తలుపు మూశారు. పంపినవాళ్లు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. మార్పులు చదివేవాళ్ల ఓపికకు పరీక్షలు పెట్టడం నా దృష్టిలో మోసమే, పరిశోధన అని పేరు పెట్టినా సరే.

ఏఐ వచ్చాక ఆ ఓపికకు కొత్త పరీక్ష మొదలైంది. చాట్‌బాట్ రాసిచ్చిన కోడును నడిపి చూడకుండానే జవాబని పెట్టేస్తున్నారు. 2022 నవంబరు ఆఖర్న చాట్‌జీపీటీ వచ్చింది, డిసెంబరు మొదటివారంలోనే స్టాక్ ఓవర్‌ఫ్లో అలాంటి జవాబులను నిషేధించింది. ఇంటర్నెట్‌లో సమాచారం తెచ్చే ‘కర్ల్’ అనే ప్రోగ్రామును నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్, ఏఐతో రాయించి పంపే బూటకపు లోపాల నివేదికలు తమ సమయం ఎలా తినేస్తున్నాయో 2024 జనవరిలో రాశాడు. ఏఐ వాడొద్దని నేననను. వాడితే వాడానని చెప్పండి, మీరు నడిపి చూసింది మాత్రమే పెట్టండి.

జవాబు చెప్పేవాళ్లకూ ఒక మాట. ‘‘ఇది కూడా తెలియదా, గూగుల్ చెయ్’’ అన్నది జవాబు కాదు. తెలియకే కదా అడిగింది. పైగా అది బహిరంగ సైటైతే, ఆ తర్వాత గూగుల్ చేసినవాడికి మొదట కనిపించేది మీ ‘గూగుల్ చెయ్’ అన్న మాటే కావొచ్చు. లైనక్స్ మొదలుపెట్టిన టోర్వాల్డ్స్, కోడు బాగాలేకపోతే రాసినవాణ్ణి చెడామడా తిట్టడానికి పేరుబడ్డవాడు. 2018 సెప్టెంబరులో ఆయనే క్షమాపణ చెప్పి, కొన్నాళ్లు పని పక్కన పెట్టాడు. కోడు తప్పైతే తప్పనండి, నిర్మొహమాటంగా అనండి. రాసిన కుర్రాడి తెలివి గురించి అక్కర్లేదు. ముఖ్యంగా మన గ్రూపుల్లో, ఇంగ్లీషులో ప్రశ్న అల్లడమే కష్టమైన పల్లెటూరి పిల్లలు ఉంటారు. వాళ్ల కోడు సరిగ్గా ఉండి, ఇంగ్లీషు తప్పుగా ఉంటే నవ్వకండి. తెలుగులో అడగమనండి.

చివరగా, ఒక ప్రశ్న అడుగుతారు, రెండు రోజులు ఎవరూ పలకరు, ఆ తర్వాత వాళ్లే ‘‘సాల్వ్ అయింది, థాంక్స్’’ అని రాసి మాయమవుతారు. ఎలా సాల్వ్ అయిందో రాయరు. ఏడాది తర్వాత అదే ఎర్రర్‌తో వెతుక్కుంటూ వచ్చినవాడికి ఆ థాంక్స్ చూస్తే ఒళ్లు మండుతుంది. ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో అలా వదిలేసిన ప్రశ్న ఎవరికైనా ఉంటే, ఇవాళే ఆ గ్రూపు తెరిచి, ఏ లైను మారిస్తే పని జరిగిందో దాని కింద రాసిపెట్టండి. రాసేటప్పుడు మూడు బ్యాక్‌టిక్‌లు మర్చిపోకండి.